చప్పిడి ముక్కు

జీలాంగ్ రేవు పక్కన, స్టమాటియా చేపల దుకాణంలో
వెనిగర్ సీసాకీ ఉప్పుడబ్బాకీ మధ్య
జానెడు సున్నపు తల.
ముక్కు విరిగిందనే అనుకున్నాను, ఏడాది పాటు.
"విరగలేదయ్యా, సోక్రటీసు ముక్కే అంత.
ఏథెన్సులో అంత అనాకారి లేడట.
చెప్పుల్లేకుండా తిరిగాడు, ఒక్క ముక్కా రాయలేదు.
అడిగాడు, అంతే."

పొద్దున బస్సు, సాయంత్రం బస్సు,
కొరియో నుంచి స్టేషనుకి, స్టేషను నుంచి కొరియోకి.
నేను తిరిగే దారి నేను గీసింది కాదు.
రాత్రి ఎనిమిదింటికి కాగితం పొట్లంలో
వేడి వేడి బంగాళాదుంపలు, వాటి మీద ఆవిడ ప్రశ్న ఒకటి.
పొట్లానికి డబ్బులు తీసుకునేది.

ఆ గురువారం నా చొక్కా జేబులో ఒక అర్జీ.
టెవిటాని డిపో నుంచి పంపించెయ్యాలని.
బస్సు నడుపుతూ కునుకు తీశాడట.
నలభై ఒక్క సంతకాలు, కింద నా ఖాళీ గీత.

"నువ్వు చూశావా?"
లేదు.
"ఎవరు చూశారు?"
అందరూ అంటున్నారు.
"ఆ అందరిలో నువ్వూ ఉన్నావు. నువ్వు చూడలేదు.
నిన్ను తీసేద్దాం. తర్వాతివాడు చూశాడా?"

నూనెలో చేప తిరగేసింది. నేను గోడ మీది ధరలు చదివాను,
రెండుసార్లు.

తప్పించుకోవడానికి మా సామెత ఒకటి అప్పజెప్పాను:
నలుగురితో నారాయణా, గుంపులో గోవిందా.
అర్థం చెప్పించుకుని, ఏప్రాన్‌తో కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.
"బాగుంది. మరి, మొదట గోవిందా అన్నది ఎవరు?"

ఒళ్ళు మండింది నాకు.
ఇంతకీ ఆయన్ని ఏం చేశారు చివరికి, అన్నాను,
విషం సంగతి తెలిసే.
"ఐదొందల మంది కూర్చుని తేల్చారు.
అందులో రెండొందల పైచిలుకు మంది
ఈయన తప్పేం లేదన్నారు.
వాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు.
ఉప్పు ఇంకాస్త వెయ్యనా?"

మర్నాడు డిపోలో, కెటిల్ కూతకొచ్చే వేళ,
"ఎవరు చూశారు?" అన్నాను.
గొంతు నేననుకున్న దానికన్నా సన్నగా వచ్చింది.
నలభై ఒక్కరూ తమ బూట్లు చూసుకున్నారు.
కాదు, ముప్ఫై తొమ్మిది మంది. ఇద్దరు నన్ను చూశారు.

టెవిటా నిద్రపోయాడో లేదో
నాకు ఇప్పటికీ తెలియదు.
తెలియదు అన్న మాటని ఇన్నాళ్ళూ
చిల్లర లేనప్పుడు చూపించే ఖాళీ చెయ్యిలా వాడాను.
ఇప్పుడది నా లంచ్ డబ్బా పక్కన కూర్చుని
నాతో పాటే కొరియో వస్తోంది, టికెట్ లేకుండా.

నా కప్పులో టీ పోసేవాళ్ళు తగ్గారు.
అర్జీ ఎక్కడుందో ఎవరూ చెప్పరు.
ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు
వెనక సీట్లు చూసే అద్దంలో
ముక్కు తడుముకుని చూసుకుంటాను.

ఇంకా నిటారుగానే ఉంది.