ఆకులు కడిగే రోజు

గుంత నేనే తవ్విన.
బాయిల దిగి తవ్వుడే బతుకైనోనికి
రెండడుగులు ఎంత పని అనుకున్న.
జానెడు కిందికే మొరం తగిలింది,
గడ్డపార ఎగిరెగిరి పడ్డది.
మేకల ఎరువు, గుప్పెడు యాప పిండి,
నడుమ వేలెడంత పొగడ.

"మామిడన్న పెట్టకపోయిన్రు, జామన్న"
అన్నడు పక్క క్వార్టర్ ఓదెలు.
"కూరకు రాదు, కాయకు రాదు,
నీడ పడేసరికి నువ్వు రిటైరయితవు,
క్వార్టరు కంపెనీది."
భూలక్ష్మి జవాబియ్యలే.
చెంబెడు నీళ్లు పోసి
మొదట్ల మట్టిని కాలుతోటి గట్టిగ అదిమింది.

ఏడాదికి జానెడు.
ఎదురింటి కాయితప్పూల తీగ
గోడెక్కి గోదావరిఖని రోడ్డంతా చూసింది.
మాది ఎదుగుడు మరిచినట్టు నిలవడ్డది.
"ఎప్పుడూ ఆకు రాల్చదు" అని
నర్సరాయన చెప్తే నమ్మిన.
అబద్ధం. రాలుస్తది.
కొత్తది వచ్చినంక పాతది,
ఒకటి, ఇంకొకటి, చప్పుడు లేకుంట.
ఊడ్చేటామెకే ఎరుక ఆ లెక్క.

పగటీలి ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగు.
కిటికీ రెక్కలు దడదడ, గిన్నెల మూతలు గలగల.
ఆ ఎనుక దుమ్ము వస్తది మెల్లగ,
చుట్టం లెక్క, చెప్పులిడవకుంట.
ఆకుల పచ్చ ఏడున్నదో
గోరుతోటి గీసి చూడాలె.

నల్లా దినం తప్పి దినం.
ముందుగాల బిందెలు, తర్వాత బట్టలు,
ఆఖరుకు పైపు చెట్టు మీదికి.
"మనకే చాలవు, ఆకులకు తానమా?" అన్న ఒకపారి.
"నువ్వు బాయిలకెల్లొచ్చి చేస్తలేవా?" అన్నది.
నల్లటి నీళ్లు మొద్దు మీద చారలు చారలుగ జారుతుంటే
నా ఈపు యాదికొచ్చింది.
ఇగ అడగలే.

ఎనిమిదో ఎండకాలం.
కుక్కలు మోరీలల్ల పండుకున్నయి.
నైట్ షిఫ్టు దిగి వస్తే
గేటుకాడ వంగి ఏదో ఏరుతున్నది.
నూకలొలికినయనుకున్న.
పూలు.
గోరంత చక్రాలు, అంచులు చీరినయి,
బొగ్గు పొడిల పడి కూడ తెల్లగనే ఉన్నయి.
"వాసన చూడు" అని
దోసిలి ముక్కుకాడ పెట్టింది.
చూసిన.
ఇరవై ఆరేండ్ల మందుపొగ కూసున్న ముక్కు.
ఏం లేదు.
"మస్తున్నది" అన్న.
నా మొఖం దిక్కు చూసింది,
ఊకున్నది.

మర్నాడు రాత్రి, మూడో లెవల్ల,
సద్దిగిన్నె మూత ఇంకా సగమే తీసిన.
ఓదెలు క్యాప్‌ల్యాంపు అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.
"ఎవనితాన్రా పూలు?"
దిమ్మె కొడుతున్న మొండయ్య సుత్తె ఆపిండు.
అవతల ఇంకో ల్యాంపు లేచింది, ఇంకోటి.
వెలుగులన్నీ చీకట్ల దేవులాడుకుంట
నా మోకాళ్ల కాడికి వచ్చి ఆగినయి.

రొట్టె పక్కన,
కాయితం మడతల,
నిన్నటివి, ఎండినయి,
నాలుగు.