కాదనలేకపోవడం

ఇనారి సరస్సు మీద మంచు గట్టిపడ్డ నెల.
చెక్కగదిలో కిరసనాయిలు హీటరు,
బల్లమీద పన్నెండు తెల్లచేపల బరువులు
పెన్సిలుతో,
ఒకచోట చేప నెత్తురుతో.

కైసా మీట నొక్కింది.
పరీక్ష ఒక్క అంకె చెప్పి ఊరుకుంది:
సున్నా పాయింటు నాలుగు ఒకటి.

"అంటే?" అన్నాడు నిల్లా
చేతితొడుగుల మంచు దులుపుకుంటూ.
"నా చేపలు గంట ఆకారంలో కూర్చున్నట్టేనా?"

"కూర్చున్నాయని అనలేదు.
కూర్చోలేదనడానికి రుజువు దొరకలేదంది.
కాదనలేకపోవడం ఔననడం కాదు కదా!
పన్నెండే చేపలాయె,
ఇది చత్వారం వచ్చిన కన్ను."

నిల్లా నవ్వలేదు.
పోయినేటి లెక్క గుర్తుంది అతనికి.
నాలుగువేల చేపలు, అంకె నిండా సున్నాలు,
మామూలు కాదని తీర్పు.
గీసి చూస్తే గంట నిండుగానే ఉంది,
అంచున ఎక్కడో వెంట్రుకవాసి సొట్ట.
మరీ దగ్గరగా చూస్తే ఏ ముఖం వంకర కాదు?

ఆమె బరువుల్ని చుక్కలుగా పేర్చింది.
పదకొండు గీతవెంట బుద్ధిగా నడిచాయి.
పన్నెండోది పైన, ఒంటరిగా.
"తీసేయనా దీన్ని?"
తనలో తనే అనుకుంది, పైకే.

"గుడ్లతో ఉన్నదది.
కడుపు తడిమి చూశాను, ఈ చేత్తోనే."

అంకె పక్కన ఆమె ఏమీ రాయలేదు.
చుక్క పక్కన మాత్రం
చిన్న అక్షరాల్లో: తల్లి.

బయట అప్పుడే చీకటి.
నిల్లా మళ్ళీ మంచుకి కన్నం తొలుస్తున్నాడు
పదమూడోదాని కోసం.