రెండో రకం నేల

ఆ ఎండాకాలమంతా నయోబ్రారా ఏటి ఒడ్డున
గొలుసు ముందు కొస పట్టుకుని నడిచాను.
వెనక కొస ఈనస్ టటిల్‌ది.
నూరు లంకెలు, అరవై ఆరు అడుగులు.
బిగలాగి, ఇనప పుల్ల గుచ్చి "పడింది" అని నేనరిస్తే
"అందింది" అనేవాడు వెనకనుంచి.
ఎనభైసార్లంటే ఒక మైలు.
కొన్ని రోజులు మా నోట ఆ రెండు మాటలే.

ఒహాయోలో మా పాస్టరు బల్ల గుద్ది చెప్పాడు,
పొద్దు గుంకే దిక్కంతా మనకే రాసిపెట్టి ఉందని.
రాసిపెట్టి ఉందంటే
పైనెక్కడో, బంగారు ఘంటంతో, అనుకున్నాను.
పంతొమ్మిదేళ్ళు నాకు. నెలకి ఇరవై డాలర్లు.

రాసేది క్రాడాక్ దొర.
మూడంగుళాల పెన్సిలు.
మొన నాలిక్కి అద్దుకుని
జీను మీద పుస్తకం ఆనించి
"నేల ఎగుడుదిగుడు. రెండో రకం. చెట్లు లేవు."
దోమ కుడితే అక్షరం వంకరపోయేది.
ఆ వంకరా ఖరారే.

చెట్లు లేనిచోట హద్దుకి గురుతేదీ?
గొయ్యి తీసి, దోసెడు బొగ్గు పోసి,
మట్టి దిబ్బ కట్టి, పైన ఒక కొయ్య.
కొయ్య పుచ్చిపోయినా బొగ్గు కుళ్ళదు,
వందేళ్ళకైనా సాక్ష్యం చెబుతుంది
అనేవాడు టటిల్.

జులైలో ఒకనాడు మా గీత
ఒక పొంకా ఆవిడ మొక్కజొన్న మడిలోకి పోయింది.
అడవిదున్న భుజపుటెముక పారతో కలుపు తీస్తోంది.
లేవలేదు.
మోకాళ్ళ ముందునుంచి గొలుసు బరబరా పాకిపోతుంటే
ఆఖరి లంకె దాకా చూసి
నన్నేదో అడిగింది.
ఆ భాష నాకు రాదు.
పడమరకి వేలు చూపించాను.
నాకు తెలిసిన జవాబు అదొక్కటే.

"దొరా, ఇక్కడ పైరుంది, రాయవా?"
"దానికి గడి లేదు," అన్నాడు.
రెండో రకం. చెట్లు లేవు.

తెల్లారేసరికి కొయ్య లేదు.
ఆవిడ కుండ కింద సగం కాలి కనిపించింది.
దొర నోటికొచ్చినట్టు తిట్టి
ఇంకోటి పాతించాడు.

ఆకులు రాలే కాలానికి గొలుసు సరిచూశారు.
కీళ్ళరిగి మూడంగుళాలు సాగింది.
మైలని రాసిన చోటల్లా
ఇరవై అడుగులు ఎక్కువే మింగాం.
నేను వేళ్ళ మీద లెక్కపెడుతుంటే
క్రాడాక్ సుత్తితో కీళ్ళు కొట్టి
గొలుసుని పొట్టి చేశాడు.
పుస్తకం ముట్టుకోలేదు.
"రాసిందేదో రాశాం," అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు
ఘంటం ఎంత పొడుగుంటుందో.

తెలిసి ఏం చేశాను?
జీతం తీసుకున్నాను. బూట్లు కొనుక్కున్నాను.
మరుసటేడు ఇంకా పడమరకి, వేరే దొర దగ్గర,
కొత్త గొలుసు.

ఆ మడి ఇప్పుడెవరో స్వీడన్ వాళ్ళదట. మంచి పంటట.
దిబ్బ మాత్రం ఉందన్నారు.
కింద మా దోసెడు బొగ్గు,
పక్కనే ఎక్కడో ఆవిడ పొయ్యి బొగ్గు.
సాక్ష్యం చెబుతుందన్నాడు టటిల్.
ఏ బొగ్గో
నేనూ అడగలేదు.