ఎదురు

పెదజాలరిపేటలో తెల్లారగట్ల
మామ్మ ఇసకలోకి దిగేది కాదు.
తెప్పలన్నీ నీళ్లల్లో పడేదాకా
గోడ చాటున కూచునేది, ఖాళీ తట్ట ఒళ్లో పెట్టుకుని.
మొగుడు పోయిన మనిషి ఎదురైతే
వల ఒట్టిదే వస్తుందట.
ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

బోణీ మాత్రం కాన్వెంటు వంటింట్లో.
అక్కడ సిస్టర్ అట్రాక్టా.
చేపల తట్ట మోసే మామ్మ నోట్లో
ఆ పేరు అత్తరమ్మ అయింది.
ఐర్లండ్ ఎక్కడే అంటే
"వానలో ఉంటది" అనేది మామ్మ.

ఆ వానలోంచి వచ్చిన మనిషికి
తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు,
శకునాలు మాత్రం పూర్తిగా.
ఒంటి గోరింక కనపడితే సలాం కొట్టేది.
వాళ్ల ఊరి నలుపు తెలుపు పిట్ట దొరక్క
దీంతోనే సర్దుకుంది.
నా కొత్త చెప్పులు బల్లమీద పెడితే
కెవ్వుమంది, ఇంట్లోకి శవం వచ్చినట్టు.
చేపలు కోసే కత్తి ఇచ్చి
చదరపు ఐదు పైసలు అడిగి మరీ పుచ్చుకుంది,
ఊరకే ఇస్తే స్నేహం తెగుతుందని.
మామ్మకి వెంటనే అర్థమైంది.
ఉప్పు ఆవిడా చేతికివ్వదు, కింద పెడుతుంది.
నేను తుమ్మితే ఇద్దరూ ఆగిపోయేవాళ్లు
ఒకరు శిలువ గీసుకుని, ఒకరు చతికిలబడి.

ఓ పొద్దున గాలి
అత్తరమ్మ తలముసుగు లాక్కెళ్లి జామచెట్టుకు తగిలించింది.
జుట్టు!
కాలిన ఇటుక రంగు, పొట్టిగా కత్తిరించి.
నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
మెట్టుమీద కూచుని చెప్పింది:
ఎర్రజుట్టు ఆడది ఎదురొస్తే
మా నాన్న కూడా పడవ వెనక్కి తిప్పేవాడు.
వాళ్లు వెళ్లేదాకా నన్ను
కోళ్లగూటి వెనక నిలబెట్టేవారు.

మామ్మ వంజరం కోస్తోంది. ఆపలేదు.
తోక అవతల పడేశాక అంది:
"మరి పొద్దున్నే నీ మొకం నాను, నా మొకం నువ్వు
ఇన్నేళ్లబట్టీ చూస్తన్నాం గదేటి. ఏటైంది?"
అత్తరమ్మ వేళ్లమీద లెక్కపెట్టింది.
ఒక మలేరియా. రెండు తుఫాన్లు.
పాలు విరిగిన రోజులు కొన్ని.
అవి అందరికీ ఉండేవేనని తేల్చారు.

ఆవిడ పోయిన రాత్రి
గదిలో అందరూ ప్రార్థనలో ఉంటే
మామ్మ తిన్నగా కిటికీ దగ్గరికెళ్లింది.
"ఆల ఊళ్లో తీస్తారంట, పేనం ఎల్లడానికి."
గడియ తుప్పుపట్టి ఉంది.
ఆ కత్తితోనే లేపింది.
సముద్రం చప్పుడు లోపలికొచ్చింది.

తెల్లారుతుంటే ఇంటికి రాలేదు.
ఇసకలోకి దిగింది,
తెప్పలు తోస్తున్న వాళ్ల ఎదటికి.
మైలపల్లి వాళ్లు తెప్ప వెనక్కి లాగేశారు.
ఎల్లాజీ ఆగాడు.
మామ్మని చూశాడు, నీళ్లని చూశాడు,
బీడీ పారేసి తోశాడు.

ఆ రోజు ఏం పడ్డాయని అందరూ అడుగుతారు.
నాకు గుర్తులేదు.
తట్ట పక్కన పెట్టుకుని
మామ్మ ఎడమ అరచెయ్యి గోక్కోవడం గుర్తుంది.
అది దురదపెడితే డబ్బు వస్తుందో పోతుందో
వాళ్లిద్దరికీ ఎప్పుడూ కుదరలేదు.