మడ్డి

నువ్వు ఓడెక్కిన పొద్దున
సగం తాగి వదిలేసిన కాఫీ
ప్రెస్సులో మూడు రోజులు అలాగే ఉంది.
అంటే, నేనే ఉంచాను.
నాలుగో రోజు పైన తెల్లగా బూజు కట్టింది.
ఇంక దాన్ని జ్ఞాపకం అనడానికి వీల్లేక
లుంగీ ఎగ్గట్టి సింకు దగ్గర నిలబడ్డాను.

వన్ టౌన్‌లో మన కొళాయి ఆరున్నరకి వస్తుంది,
ఏడుంపావుకి ఒకసారి దగ్గి పోతుంది.
ఆలోపే బిందెలు, బకెట్లు, నా స్నానం,
రాత్రంతా పోర్టు మన కిటికీ గట్టు మీద
చల్లి వెళ్ళిన బొగ్గు పొడి,
ఆపైన ఈ గాజు గొట్టం.

"ఏటి బాబూ ఇది, గళాసుకి పిస్టనెట్టినారు?"
గిన్నెలు తోముతూ అంది ఎర్నమ్మ.
"ఇది మీరే తోముకోండి.
పగిల్తే నా జీతం సాలదు."

నువ్వు చెప్పినవన్నీ గుర్తున్నాయి.
పిప్పి సింకులో పొయ్యకూడదు.
పోసిన ఏడాది పైపు పూడుకుపోయి
కింది వాటా సన్యాసిరావుగారి బాత్రూములో
నల్లగా తేలింది మన సంసారం.
కాసిన్ని నీళ్ళు పోసి గుండ్రంగా తిప్పి
అడుగు కదలగానే టీ జాలీలోకి ఒంపెయ్యాలి.
వేడి గాజు మీద చన్నీళ్ళు పడకూడదు.
సబ్బు వద్దు, వంటసోడా చాలు,
సబ్బు వాసన నాలుగు పూటలు వదలదు.

నా చెయ్యి లోపలికి పట్టలేదు.
నీదైతే అడుగుదాకా వెళ్ళేది.
గరిటెకి గుడ్డ చుట్టి తుడిచాను,
తుపాకీ గొట్టం తుడిచే సిపాయిలాగ.

తర్వాత జల్లెడ.
మర విప్పితే మూడు ముక్కలు:
చిల్లుల పళ్ళెం, జుట్టు కంటే సన్నటి జాలీ,
అంచుకి స్ప్రింగు చుట్టిన రేకు.
పాత టూత్‌బ్రష్షుతో రుద్దుతుంటే
రెండు రేకుల మధ్య నుంచి
ఎన్ని పొద్దులదో, జిడ్డుగా ఒక ముద్ద ఊడింది.

కిటికీ నలుపు ఒక వేలి మీద,
ఈ నలుపు ఇంకో వేలి మీద
పక్కపక్కన పెట్టుకు చూశాను.
బొగ్గు ఏ దేశం నుంచి దిగిందో చెప్పదు.
ఇది మాత్రం ఇంకా అనంతగిరి ఘాటు దిగలేదు.

పిప్పి కరివేపాకు కుండీలో పోశాను.
మొక్కకి నచ్చిందో లేదో తెలీదు కానీ
పిల్లి ఆ కుండీ మానేసింది.

అన్నీ ఆరబెట్టి బిగించి
అయిదో రోజు నుంచి నేనే కలుపుకున్నాను.
మొదటి గుక్క బాగానే ఉండేది,
చివరికొచ్చేసరికి పళ్ళ మధ్య ఇసక,
ఆర్కే బీచిలో బోర్లా పడి లేచినట్టు.
పొడి మార్చాను. నీళ్ళు మార్చాను.
నాలుగు నిమిషాలు అయిదు చేశాను.
ఆఖరికి
నువ్వు లేని కాఫీ ఇలాగే ఉంటుంది కాబోలని
నోరు పుక్కిలించి ఆఫీసుకి పోయాను.

ఇరవై మూడో రోజు తెల్లవారుజామున
ఫిషింగ్ హార్బరు నుంచి ఆటోలో దిగావు,
డీజిలూ, చేప పొలుసూ వాసనేస్తూ,
లెక్కపెట్టిన చేపల కాగితాలు చంకలో పెట్టుకుని.
చిక్కిపోయావంటావనుకున్నాను.
నువ్వు ప్రెస్సు కాడ పైకి లాగి
వెలుతురుకి ఎత్తి పట్టుకుని
"స్ప్రింగు రేకు కిందకి పోయింది,
పళ్ళెం పైకొచ్చింది.
తిరగేసి బిగించావు," అన్నావు.

పద్దెనిమిది రోజులు
పిప్పి నమిలి
దాన్ని విరహం అనుకున్నాను.

రెండు నిమిషాల్లో సరిచేసి కాఫీ పెట్టావు.
పలుకు తగలకుండా దిగింది గొంతులోకి,
కప్పు అడుగున ఏమీ మిగల్లేదు.
ఎందుకో కాస్త వెలితిగా అనిపించింది.
చెప్పలేదు.

ప్రెస్సు గట్టు మీద అలాగే వదిలేసి
బూట్లతోనే మంచమెక్కి నిద్రపోయావు.
ఏడు దాటింది.
కొళాయి ఇంకా దగ్గలేదు.