కుట్టుమిషన్ సినిమా

పేరు తెల్వదు.
పేర్లు పడేటప్పుడు మొగిలి ఇంటి మీద ఏరియల్ తిప్పుతున్నడు,
కింద నుంచి మేం
"వచ్చింది, వచ్చింది, అరె పోయింది" అని ఒర్రుతున్నం.
గీతలు తగ్గేసరికి
ఒక బంగ్ల, చీకటి మెట్లు,
పై అర్రల తెల్లదుప్పటి కప్పిన కుట్టుమిషను.

టాకీసులకు వచ్చిన సినిమా గాదు,
టీవీ కోసమే తీసిందట.
గోడ మీద పోస్టర్ లేదు,
యాడ బుగులుపడాల్నో ముందుగాల చెప్పేటోడు లేడు.

మిల్లు క్వార్టర్లల్ల టీవీ ఉన్నది
ఒక్క జాబర్ కొమురెల్లి ఇంట్లనే.
చెక్క తలుపులు రెండు దిక్కులకు జరిపి
ఆయన భార్య లచ్చవ్వ
ఆ డబ్బాకు ఊదుబత్తి ముట్టిచ్చేది.
పరిచిన బొంత మీద పోరగాండ్లం,
దర్వాజల అమ్మలక్కలు,
కిటికీ ఊచల నడుమ ముఖాలు.

దుప్పటి కింద చక్రం
తనంతల తానే తిరిగింది.
తొక్కే కాళ్ళు లేవు.
టక టక టక
సూది ఒట్టి గాలిని కుడుతున్నది.
దుప్పటి అంచు మెల్లగ లేసింది,
లోపలి నుంచి ఒక చెయ్యి

కరెంటు పోయింది.

ఎవ్వలు కేక పెట్టలే.
చీకట్ల, నెత్తి మీది నుంచి,
ఒక గొంతు అడిగింది:
"వచ్చిందా?"

మొగిలి అని తర్వాత తెలిసింది.
అప్పటికే చెప్పులిడిచి ఉరికినం అందరం.
మా ఇల్లు నాలుగు దర్వాజల అవతల.
సరోజనక్క చున్నీ కొస నా పిడికిట్ల,
"ఎన్కకు చూడకు" అనుకుంట
అక్కనే చూసుకుంట ఉరికింది.

ఇంట్లకు పోతే
మూలకు మా మిషను.
మిల్లు దుప్పటే దాని మీద గూడ.

మూడొద్దులు జెరం.
అవ్వ ఉప్పు మిరపకాయలు దిప్పి పొయ్యిలేస్తే
ఘాటు రాలే. దర్గ కాడ అంత్రం కట్టిచ్చింది.
తెల్లారంగ మూడో షిఫ్టు దిగి
బాపు దర్వాజల నిలబడ్డడు,
జుట్టు నిండ పత్తి నూగు, కనుబొమ్మలు తెల్లగ,
ఎన్క మసక ఎలుతురు.
నేను పెట్టిన కేకకు వాడకట్టంత లేసింది.
బాపు నవ్విండు, మళ్ళ ఏందో నవ్వలే.
ఆనాటి సంది నల్లకాడ తలకాయ కడుక్కోకుంట
ఇంట్లకు రాలే.

సినిమా ఎట్లయిపోయిందో
ఒక్కొక్కడు ఒక్కొక్క తీరు చెప్పిండు.
మహబూబ్ గా చెయ్యి దర్జీదన్నడు,
అక్క కాదు, కోడలిదన్నది.
మేం చూసినమంటే మేం చూసినమని కొట్లాట.

మిల్లు బందయిన ఏడు
రాత్రిళ్ళు గోడవతలి హోరు ఆగిపోయింది.
బాపు కనుబొమ్మలు నల్లగనే ఉన్నయి,
కడుక్కునేందుకు ఏం లేదు.
అవ్వ మిషన్ మీది దుప్పటి తీసింది.
లంగకు రూపాయి, చీర ఫాలుకు మూడు.
కందిలి ఎలుగుల చక్రం నీడ
గోడ మీద బండి గిర్రంత అయి తిరిగేది.
టక టక టక.
నేను నిద్రవోయేది ఆ సప్పుడుతోనే.
ఆగినప్పుడు మెలకువొచ్చేది.
దారం తెగిందా,
అవ్వ కండ్లు గుంజుతున్నయా,
కుట్టేందుకు బట్ట ఒడిసిందా.
మళ్ళ టక్కుమనేదాక ఊపిరి బిగవట్టి వినేది.

మొన్న పోచమ్మమైదాన్ కాడ మొగిలి ఆటో ఎక్కిన.
నెత్తి సగం తెల్లబడ్డది వానిది.
"ఆ సినిమా గుర్తున్నదా?
కరెంటు వచ్చినంక నువ్వున్నవ్ గదా,
దుప్పటి కింద ఎవ్వలు రా?" అన్న.

అద్దంల నన్నే చూసిండు.
"యాడ చూసిన?
నువ్వు బొంత తడిపి ఉరికినవ్ గదరా.
లచ్చవ్వ చప్పుడుజెయ్యకుంట పెరట్ల ఉతికింది,
పిండుతుంటే రెండో కొస నేనే పట్టుకున్న.
ఎవ్వలకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది."

లోపల కరెంటు వచ్చిందట.
ఖాళీ అర్రల
సినిమా దానంతలదే ఆడుకున్నదట,
అయిపోయేదాక.