మూడో గేరు

పాత ఫియట్‌కి కొత్త కారిచ్చి
ఎదురు ఒక్క యూరో అడగలేదు ఎర్సీలియా.
"మతి పోయిందా?" అన్నాను, గ్యారేజీ షట్టరు ఎత్తుతూ.

"అది గీత దాటితే కీచుమంటుంది, ఒరెస్తే.
ఆవలిస్తే కాఫీ తాగమంటుంది.
నలభై ఏళ్లుగా మేకలకి పురుళ్లు పోస్తున్నా,
ఈ అపెన్నైన్ మలుపులకి నేను కొత్తా?"

చోక్ లాగింది.
ముసలిది దగ్గి ఊరుకుంది.
రెండోసారికి గొంతు సవరించుకుంది.
ఉన్నది ఒకటే వైపరు, అదీ బతిమాలితేనే.
యాష్‌ట్రేలో ఎవరివో చెస్ట్‌నట్ తొక్కలు.

చర్చి మలుపులో మూడో గేరు పడక
ఆమె తిట్టిన తిట్టు
లోయ అవతలికి వినబడింది.
దాని వెనకే నవ్వు.

ఇక్కడ నా వాకిట్లో
కొత్త కారు
తలుపు సరిగ్గా పడలేదని
పొద్దుగూకేదాకా
నాకే చెబుతోంది.